కాలనీలు తగ్గాయి సరే, డీఎన్ఏ దక్కిందా? – నాచు రంగుల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఈ రోజు నుంచి ప్రాజెక్టు మొదలు. ప్రశ్న చిన్నదే. మనుషులు తినే సముద్రపు నాచుల్లోని రంగులు, డీఎన్ఏను పాడుచేసే రసాయనాల నుంచి కణాన్ని కాపాడతాయా? మా గైడ్ మేడం దానికి ఇంకో ముక్క తగిలించారు: "కాపాడితే, ఎక్కడ నిలబడి కాపాడుతున్నాయి? ఆ రెండోది తేలకపోతే మొదటిదానికి అర్థం లేదు." నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాయించారు. ఆవిడ ఎందుకంత పట్టుబట్టారో నాకింకా పూర్తిగా బోధపడలేదు.

తీసుకున్న రంగులు మూడు. గోధుమ రంగు నాచు వకామె నుంచి ఫ్యూకోజాంతిన్, అదే నాచు నుంచి పత్రహరితం, ఎర్ర నాచు నోరి నుంచి ఫైకోఎరిత్రిన్. మొదటి రెండూ నూనెలో, సాల్వెంట్‌లో కరుగుతాయి. మూడోది ప్రోటీన్‌కు అంటుకున్న రంగు, నీళ్లలో కరుగుతుంది. కాబట్టి తీసే పద్ధతులు కూడా వేర్వేరు.

పరీక్షగా ఏమ్స్ టెస్ట్ ఎంచుకున్నాం. బర్క్‌లీలో బ్రూస్ ఏమ్స్ 1970లలో తయారుచేసిన పద్ధతి ఇది. ఇందులో వాడే సాల్మొనెల్లా బ్యాక్టీరియా హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, ఎందుకంటే దాని జన్యువులో ఒక తప్పు ఉంది. హిస్టిడిన్ లేని ప్లేట్ మీద అది పెరగదు. ఏదైనా రసాయనం డీఎన్ఏను కదిలించినప్పుడు ఎక్కడో ఒక కణంలో ఆ తప్పు అనుకోకుండా సరైపోతుంది. ఆ ఒక్క కణం పెరిగి కాలనీ అవుతుంది. అంటే కాలనీలు లెక్కపెడితే మ్యుటేషన్లు లెక్కపెట్టినట్టే. అంత పెద్ద విషయాన్ని కంటితో లెక్కపెట్టుకునేలా చేసిన ఆ ఆలోచన అంటే నాకు చదువుకునే రోజుల నుంచీ గౌరవం.

2వ రోజు

స్ట్రెయిన్లు, అంటే ఆ బ్యాక్టీరియాలో రకాలు, రెండు. టీఏ98లో డీఎన్ఏ అక్షరాల వరుస జరిగిపోయే రకం తప్పు, టీఏ100లో ఒక అక్షరం బదులు ఇంకొకటి పడే రకం తప్పు. వీటిని కావాలనే బలహీనంగా తయారుచేశారు. పెద్ద అణువులు లోపలికి వెళ్లేలా బయటి పొరను పల్చన చేశారు, డీఎన్ఏ రిపేరు చేసే యూవీఆర్‌బీ జన్యువు తీసేశారు. స్ట్రెయిన్లు వాటి లక్షణాలు పోగొట్టుకోలేదని చూసుకునే క్రిస్టల్ వయొలెట్, యూవీ, ఆంపిసిలిన్ పరీక్షలు చేశాను. రెండూ సరిగ్గానే ఉన్నాయి.

4వ రోజు

ఎండు వకామె 50 గ్రాములు. పొడి చేసే ముందు ఒక ముక్కను వేడినీళ్లలో వేసి చూశాను. ప్రాజెక్టుకు అవసరం లేదు, చూడాలనిపించింది. బీకరులో అడుగున ముదురు గోధుమ రంగులో ముడుచుకుని ఉన్న ముక్క వేడి తగలగానే విచ్చుకుంది. అంచుల నుంచి లోపలికి పచ్చదనం పాకింది. కొన్ని సెకన్లలో మొత్తం పచ్చ. పత్రహరితం కొత్తగా పుట్టిందేమీ కాదు, ముందు నుంచీ ఉంది. ఫ్యూకోజాంతిన్ ప్రోటీన్‌తో కలిసి ఉన్నప్పుడు ఆకుపచ్చ కాంతిని కూడా పీల్చేసుకుంటుంది, అందుకే నాచు గోధుమ రంగులో కనిపిస్తుంది. వేడికి ప్రోటీన్ విడిపోతే ఆ పీల్చుకోవడం మారిపోయి, అడుగున ఉన్న పచ్చ బయటపడుతుంది. ఒక అణువు పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి దాని స్వభావం ఎంత మారుతుందో కళ్లముందే కనిపించింది.

మిగతాదంతా మసక వెలుతురులోనే చేశాను. ఫ్యూకోజాంతిన్‌కు వెలుగు పడదు, వేడి పడదు, ఆమ్లం అసలే పడదు. ఫ్లాస్కులన్నిటికీ ఫాయిల్ చుట్టాను. అసిటోన్‌లో మూడుసార్లు తీసి, వడకట్టి, రోటరీ ఎవాపరేటర్‌లో 35 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టాను. చివరికి ఫ్లాస్కు గోడకు నల్లగా కనిపించేంత చిక్కని పచ్చటి జిగురు మిగిలింది.

6వ రోజు

జిగురును ముందు హెక్సేన్, 90 శాతం మిథనాల్ మధ్య పంచాను. పత్రహరితం పైన హెక్సేన్‌లోకి, ఫ్యూకోజాంతిన్ ఎక్కువ భాగం కింద మిథనాల్‌లోకి వెళ్లాయి. తరవాత సిలికా కాలమ్, అంటే రంగులను విడదీయడానికి సిలికా పొడి నింపిన గాజు గొట్టం.

కాలమ్ నడుస్తుంటే పక్కనుంచి లేవబుద్ధి కాలేదు. ముందు సన్నటి పసుపు గీత, అది బీటా కెరోటిన్. హెక్సేన్‌తో పరుగెత్తినట్టు దిగిపోయింది. దాని వెనక బూడిద కలిసిన పచ్చ, ఆ తరవాత అసలు పచ్చ. అన్నిటికన్నా పైన, కదలనన్నట్టు కూర్చున్న నారింజ పట్టీ. హెక్సేన్‌లో అసిటోన్ పాలు పెంచుతూ పోతే అది మెల్లగా దిగడం మొదలుపెట్టింది. అణువులో ఆక్సిజన్లు ఆరు, అందుకే సిలికాను గట్టిగా పట్టుకుంటుంది. దీన్ని మొదటిసారి 1914లో విల్‌స్టాటర్, పేజ్ విడదీశారు. ఆ మరుసటి ఏడాదే మొక్కల రంగుల మీద చేసిన పనికి విల్‌స్టాటర్‌కు నోబెల్ వచ్చింది.

స్పెక్ట్రమ్‌లో ఇథనాల్‌లో శిఖరం 449 నానోమీటర్ల దగ్గర వచ్చింది. టీఎల్‌సీలో, అంటే పల్చటి పలక మీద విడదీసి చూసే పరీక్షలో, ఒకే చుక్క. తూకం 21 మిల్లీగ్రాములు. తక్కువే, కానీ నా పరీక్షలకు చాలు.

బూడిద కలిసిన ఆ పచ్చ గీత గురించి ఒక మాట. అది ఫియోఫైటిన్, అంటే మధ్యలోని మెగ్నీషియం పోయిన పత్రహరితం. నాచు ఎండేటప్పుడు, నిలవ ఉన్నప్పుడు కొంత అలా మారిపోతుంది. నేను పత్రహరితాన్నీ దీన్నీ విడదీయకుండా "పచ్చ భాగం" అని ఒకే సీసాలో పోశాను.

8వ రోజు

ఫైకోఎరిత్రిన్ పని మొదలుపెట్టి ఒక రోజు పోగొట్టుకున్నాను. నోరి రేకులు తెచ్చి, ఫాస్ఫేట్ బఫర్‌లో నానబెట్టి, గడ్డకట్టించి కరిగించడం నాలుగుసార్లు చేశాను. ఎరుపు రాలేదు, లేత పసుపు నీళ్లు వచ్చాయి. సెంట్రిఫ్యూజ్ స్పీడు తప్పా, బఫర్ పీహెచ్ తప్పా అని సాయంత్రం దాకా టెన్షన్ పడ్డాను. చివరికి ప్యాకెట్ తిప్పి చూస్తే అది కాల్చిన నోరి. వేడికి ఫైకోఎరిత్రిన్ ప్రోటీన్ విరిగిపోతుంది. కాల్చగానే నల్లటి ఊదా రేకు పచ్చగా మారేది అందుకే. రేకు పచ్చగా ఉందని పొద్దుటే చూశాను, చూసి కూడా ఆలోచించలేదు.

11వ రోజు

ఈసారి కాల్చని నోరి. రెండోసారి గడ్డకట్టించి కరిగించేసరికే ట్యూబులో గులాబీ రంగు దిగింది. అమ్మోనియం సల్ఫేట్‌తో ప్రోటీన్‌ను కిందికి దించి మళ్లీ బఫర్‌లో కరిగించాను. ట్యూబును తెల్లకాగితం ముందు పెడితే చిక్కటి గులాబీ ఎరుపు. నీలి దీపం కింద పెడితే నారింజ మంట. అంత వెలుగు అందులోంచి వస్తుందని చదవడం వేరు, చేతిలో పట్టుకుని చూడడం వేరు. స్పెక్ట్రమ్‌లో 498, 565 దగ్గర శిఖరాలు, మధ్యలో 540 దాటాక ఒక భుజం. పుస్తకంలో ఉన్న బొమ్మే.

14వ రోజు

మొదటి ప్లేట్లు లెక్కపెట్టాను. ఇవి రంగులను ఒంటరిగా పరీక్షించినవి, హాని చేసే రసాయనం ఏదీ కలపలేదు. రంగు సొంతంగా మ్యుటేషన్లు తెస్తోందా లేదా అన్నది ముందు తేలాలి.

టీఏ98లో ఏమీ కలపని ప్లేట్ల మీద 28, 31, 26. ఇవి తమంతట తామే వచ్చే కాలనీలు, ఎప్పుడూ ఉండేవే. ఫ్యూకోజాంతిన్ ప్లేట్ల మీద 27, 25, 30. పచ్చ భాగం కూడా అంతే. ఫైకోఎరిత్రిన్ ప్లేట్ల మీద మాత్రం 118, 131, 124.

గుండె జారిపోయింది. తినే నాచులోని రంగు మ్యుటేషన్లు తెస్తోందా? ప్లేట్లు పట్టుకుని మేడం గదికి పరుగెత్తాను. ఆవిడ కాలనీల వైపు చూడనే లేదు. ప్లేటును వెలుగుకు ఎత్తి అడ్డంగా తిప్పి, "లాన్ చూశావా?" అన్నారు.

లాన్ అంటే కాలనీల కింద పల్చగా పరుచుకునే పొర. టాప్ అగార్‌లో, అంటే బ్యాక్టీరియాను కలిపి ప్లేట్ మీద ఒంపే జెల్లీలో, మనం కొంచెం హిస్టిడిన్ ఇస్తాం. దానితో కణాలన్నీ రెండు మూడుసార్లు విభజన చెంది, అది అయిపోగానే ఆగిపోతాయి. ఆ పొరే లాన్. నా ఫైకోఎరిత్రిన్ ప్లేట్లలో అది మీగడలా చిక్కగా ఉంది. నోరి నిండా అమైనో ఆమ్లాలే. నా సారంలో హిస్టిడిన్ కలిసి ఉంది. మ్యుటేషన్ జరగకపోయినా బ్యాక్టీరియాకు తిండి దొరికింది, ఎక్కువసార్లు విభజన చెందింది, అందుకే కాలనీలు పెరిగాయి.

"ఇదే కాలనీలు తగ్గి ఉంటే లాన్ చూసేదానివా?" అని అడిగారు మేడం. చూసేదాన్ని కాదు. ఆ మాట ఆవిడకు చెప్పాను కూడా.

సారాన్ని డయాలసిస్ సంచిలో కట్టి రాత్రంతా బఫర్‌లో వేలాడదీశాను. హిస్టిడిన్ లాంటి చిన్న అణువులు సంచి దాటి పోతాయి, ప్రోటీన్ లోపలే ఉంటుంది. బఫర్ మూడుసార్లు మార్చాను.

17వ రోజు

డయాలసిస్ తరవాత ఫైకోఎరిత్రిన్: 33, 29, 35. లాన్ మామూలుగా ఉంది. ఈ మధ్య ఇంత హాయిగా నిద్రపోయింది లేదు.

18వ రోజు

అసలు పరీక్ష. హాని చేసే రసాయనంగా బెంజో పైరీన్. పొగలో, మాడిన తిండిలో ఉండేది. ఐదు వలయాలు అతుక్కుని అట్టముక్కలా చదునుగా ఉండే అణువు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనిషికి క్యాన్సర్ తెస్తుందని రుజువైన మొదటి గ్రూపులో పెట్టింది. రెండు జతల గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్, చెత్త వేరే డబ్బాలో.

చిత్రమేమిటంటే బెంజో పైరీన్ ఉన్నదున్నట్టుగా డీఎన్ఏకు పెద్దగా హాని చేయదు. మన కాలేయం దాన్ని బయటికి పంపేద్దామని ఆక్సిజన్లు తగిలిస్తుంది. ఆ ప్రయత్నంలో పుట్టే డయోల్ ఎపాక్సైడ్ అనే రూపం డీఎన్ఏలోని గ్వానిన్ అనే అక్షరానికి అతుక్కుపోతుంది. బ్యాక్టీరియాకు కాలేయం లేదు కనుక మనమే ఇవ్వాలి. ఎలుక కాలేయాన్ని నలిపి, సెంట్రిఫ్యూజ్‌లో 9000 జీ (భూమి ఆకర్షణకు 9000 రెట్ల బలం) వద్ద తిప్పితే పైన తేలే ద్రవమే ఎస్9. దానికి అందులోని ఎంజైములు పనిచేయడానికి కావాల్సిన ఎన్ఏడీపీ, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ కలిపి ఐసు మీదే ఉంచాలి. బయట పెడితే ఎంజైములు చచ్చిపోతాయి.

రంగు, బెంజో పైరీన్, ఎస్9, బ్యాక్టీరియా అన్నీ ఒకే ట్యూబులో 37 డిగ్రీల వద్ద 20 నిమిషాలు. తరవాత 45 డిగ్రీల టాప్ అగార్ 2 మిల్లీలీటర్లు కలిపి, ప్లేట్ మీద ఒంపి, గట్టిపడేలోగా తిప్పడం. ఈ తిప్పడం చేతికి అలవాటు కావాలి. ఆలస్యమైతే అగార్ ముద్దలు కడుతుంది, తొందరపడితే ఒక పక్కకే చేరుతుంది. 36 ప్లేట్లలో రెండు పాడయ్యాయి.

20వ రోజు

48 గంటలు అయ్యాయి.

ఎస్9తో తమంతట తామే వచ్చినవి సగటున 34. బెంజో పైరీన్ ఒక్కటే ఉన్నప్పుడు 212, 198, 225. ఫైకోఎరిత్రిన్‌తో 205, 214, 196, అంటే తేడా ఏమీ లేదు. ఫ్యూకోజాంతిన్‌తో 163, 170, 158. పచ్చ భాగంతో 88, 97, 91.

తమంతట తామే వచ్చినవి తీసేసి లెక్క కడితే ఫ్యూకోజాంతిన్ 27 శాతం ఆపింది, పచ్చ భాగం 67 శాతం. లాన్ అన్నిటిలోనూ బాగుంది. చూశాను, ఈసారి మొదట అదే చూశాను.

నేను ఆశలన్నీ ఫ్యూకోజాంతిన్ మీదే పెట్టుకున్నాను. కాలమ్‌లో అంత కష్టపడి తీసింది దాన్నే. గెలిచింది మాత్రం పక్కన సీసాలో పోసి ఉంచిన పచ్చ జిగురు.

21వ రోజు

మేడంతో గంటసేపు మాటలు. ఆవిడ ముందు మంచి కథ చెప్పారు, తరవాత చెడ్డది.

మంచి కథ చైనాలోని చీదోంగ్‌ది. అక్కడ తిండిలో బూజు విషం అఫ్లాటాక్సిన్ ఎక్కువ, కాలేయ క్యాన్సరూ ఎక్కువ. 180 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నాలుగు నెలలపాటు రోజుకు మూడుసార్లు, తిండితోపాటు 100 మిల్లీగ్రాముల క్లోరోఫిలిన్ ఇచ్చారు. క్లోరోఫిలిన్ అంటే పత్రహరితం నుంచి తయారుచేసిన, నీళ్లలో కరిగే రూపం. అఫ్లాటాక్సిన్ డీఎన్ఏకు అతుక్కుని ఊడినప్పుడు మూత్రంలో కనిపించే గుర్తు, క్లోరోఫిలిన్ తిన్నవాళ్లలో 55 శాతం తక్కువగా ఉంది. 2001లో అచ్చయిన ఫలితం ఇది. ప్లేట్ మీద కాదు, మనుషుల్లో.

చెడ్డ కథ ఫిన్లాండ్‌ది. బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ఆపుతుందని చాలామంది నమ్మారు. 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన పరిశీలన ఫలితం 1994లో వచ్చింది. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో ఇలాంటిదే ఇంకో పరిశీలనను 1996లో మధ్యలోనే ఆపేశారు.

"రెండూ నాచు రంగుల కుటుంబంలోవే. ఒకటి ఎందుకు పనికొచ్చింది, ఇంకొకటి ఎందుకు బెడిసికొట్టింది?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా, "క్లోరోఫిలిన్ పేగులోనే విషాన్ని పట్టేసుకుని ఒంట్లోకి రానివ్వలేదని అంచనా. బీటా కెరోటిన్ ఒంట్లోకి వెళ్లి, పొగతో పాడైన ఊపిరితిత్తుల్లో ఏదో చేసింది. నీ 67 శాతం ఈ రెంటిలో ఏ రకం?" అన్నారు.

మొదటి రోజు రాయించిన రెండో ప్రశ్న ఇప్పుడు నాది అయింది.

25వ రోజు

సోడియం అజైడ్‌తో టీఏ100 మీద పరీక్ష. ఎస్9 అక్కర్లేదు. అజైడ్ చాలా చిన్న అయాన్, మూడే మూడు నైట్రోజన్లు. బ్యాక్టీరియా దాన్ని తన సొంత ఎంజైముతో అజైడో అలనిన్‌గా మార్చుకుని తన గొయ్యి తనే తవ్వుకుంటుంది.

పచ్చ భాగం చదునైన అణువులను పట్టేసుకోవడం వల్లే పనిచేస్తుంటే, అజైడ్ దగ్గర దానికి పట్టు దొరకకూడదు. రంగు లేకుండా 512, 540, 498. పచ్చ భాగంతో 521, 506, 533. పట్టు దొరకలేదు. ఏమీ జరగలేదన్న ఫలితం చూసి ఇంత సంతోషించడం నాకిదే మొదటిసారి.

మిగిలిన అజైడ్ ద్రావణాన్ని సింకులో పోయకూడదు. రాగి, సీసం గొట్టాల్లో పేలే లవణాలు తయారవుతాయి. జూనియర్ ఒకరు సింకు వైపు తీసుకెళ్తుంటే కేకేసి ఆపాను. "అక్కా, ఇంత కొంచెమేగా" అంది. కొంచెం కొంచెమే గొట్టంలో పేరుకుంటుందని కూర్చోబెట్టి చెప్పాను.

29వ రోజు

రంగు ఎక్కడ నిలబడుతోందో తేల్చే పరీక్ష ఇది. కలిపే వరుస మార్చి చూడడం. జపాన్ శాస్త్రవేత్త కాడా ఇలాంటి పదార్థాలను రెండు రకాలుగా విడదీశారు. కణానికి బయటే విషాన్ని పనికిరాకుండా చేసేవి ఒక రకం, కణం లోపల మ్యుటేషన్ స్థిరపడకుండా ఆపేవి ఇంకో రకం.

ఒకటి: రంగు, బెంజో పైరీన్ ముందు కలిపి 20 నిమిషాలు ఉంచి, తరవాత ఎస్9, బ్యాక్టీరియా చేర్చడం. రెండు: బ్యాక్టీరియాను అరగంట రంగులో ఉంచి, కడిగేసి, తరవాత బెంజో పైరీన్, ఎస్9 ఇవ్వడం. మూడు: బెంజో పైరీన్, ఎస్9 ముందు ఇచ్చి, కడిగి, తరవాత టాప్ అగార్‌లో రంగు కలపడం.

పచ్చ భాగంతో సగటులు ఇవి. మొదటి వరుసలో 79. రెండో వరుసలో 201. మూడో వరుసలో 208.

ఇంతకన్నా తేటగా జవాబు రాదు. ముందే కలిస్తే పట్టేసుకుంటోంది. బ్యాక్టీరియాలోకి వెళ్లి కాపలా కాయడం లేదు. జరిగిన హానిని సరిదిద్దడమూ లేదు.

ఒక అనుమానం మిగిలింది. రంగు బెంజో పైరీన్‌ను కాకుండా ఎస్9 ఎంజైమును పట్టి ఆపుతోందేమో? అందుకని ఎస్9 అక్కర్లేని 2-నైట్రోఫ్లోరీన్‌తో టీఏ98 మీద మళ్లీ చేశాను. ఇది కూడా చదునైనదే, కాకపోతే వలయాలు మూడే. పచ్చ భాగం ఇక్కడా కాలనీలు తగ్గించింది, కానీ అంత గట్టిగా కాదు. వలయాలు తగ్గితే పట్టుకునే ముఖం చిన్నదవుతుంది. పత్రహరితంలోని పెద్ద చదును వలయం మీద విషం అణువు అట్టమీద అట్టలా అంటుకుంటుందన్న వివరణకు ఇది సరిపోతోంది. ఎంజైమును కూడా కొంత ఆపుతోందేమో, అది ఈ పరీక్షతో కొట్టిపారేయలేను.

పత్రహరితంలాంటి వలయమే ఉన్న ఒక నీలి రంగును దూదికి అతికించి, దానితో నీళ్లలోని విషాలను పట్టే పద్ధతి హయాత్సు అనే శాస్త్రవేత్త 1980లలోనే తెచ్చారు. దాని పేరే నీలి దూది. అది పట్టేది కూడా మూడు, అంతకన్నా ఎక్కువ వలయాలున్న చదునైన విషాలనే. నా సీసాలోని పచ్చ జిగురు చేసిందీ అదే పని.

33వ రోజు

ఇది రాయడానికి మనసొప్పడం లేదు, అయినా రాయాలి.

మళ్లీ చేసిన బ్యాచ్‌లో పచ్చ భాగం ప్లేట్ల మీద 19, 14, 22. తమంతట తామే వచ్చే 34 కన్నా తక్కువ. లెక్క కడితే వంద శాతానికి మించిన రక్షణ! లాన్ చూశాను. చిరిగిన బట్టలా ఉంది, అక్కడక్కడా సూదిమొన చుక్కలు. బ్యాక్టీరియా చచ్చిపోయింది. చచ్చినవి కాలనీలు కట్టవు. ఇక్కడ రక్షణ అన్న మాటకే చోటు లేదు.

ఏం మారింది? బ్యాక్టీరియా అదే. రంగు సీసా అదే, కాకపోతే నెల పాతది. మారిందల్లా నేను కూర్చున్న చోటు. మసక దీపాల బల్ల ఇంకొకరు వాడుకుంటుంటే, కిటికీ పక్క బల్ల మీద, పైన ట్యూబ్‌లైట్ కింద చేశాను. ట్యూబులు వెలుగులోనే 20 నిమిషాలు ఉన్నాయి.

కావాలనే మళ్లీ చేశాను. అవే ట్యూబులు, సగం ఫాయిల్ చుట్టి, సగం దీపం కింద. ఫాయిల్ చుట్టినవి మామూలుగా వచ్చాయి. దీపం కిందివి మళ్లీ చచ్చాయి.

పత్రహరితం చేసే పనే వెలుగును పట్టుకోవడం. నాచులో ఆ శక్తిని తీసుకుని ముందుకు పంపే ఏర్పాటు ఉంటుంది. సీసాలో ఆ ఏర్పాటు లేదు. పట్టుకున్న శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు ఇచ్చేస్తుంది, అది సింగ్లెట్ ఆక్సిజన్‌గా మారి పొరలను, ప్రోటీన్లను, డీఎన్ఏను కాలుస్తుంది. మెగ్నీషియం, పొడవాటి ఫైటాల్ తోక రెండూ ఊడిన ఫియోఫార్బైడ్ ఈ పనిలో ఇంకా చురుకు.

ఇది ల్యాబ్ ముచ్చట మాత్రమే కాదు. జపాన్ ఈశాన్య తీరంలో వసంతంలో అబలోన్ అనే సముద్రపు నత్త పేగులు తిన్న పిల్లులకు చెవులు రాలిపోతాయని జాలర్ల మాట. పరిశీలిస్తే నిజమే. ఆ నత్త తినేది నాచు. నాచులోని పత్రహరితం దాని పేగుల్లో పైరోఫియోఫార్బైడ్‌గా మారుతుంది. పిల్లి దాన్ని తిని ఎండలో పడుకుంటే, వెంట్రుకలు పల్చగా ఉన్న చెవుల మీద చర్మం కాలిపోతుంది. విషాన్ని పట్టుకునే చదును వలయమూ, పిల్లి చెవిని కాల్చే వలయమూ ఒకే కుటుంబం. ఇది తెలిశాక పచ్చ సీసాను నేను పట్టుకునే తీరే మారింది.

పాత పచ్చ భాగం పారేశాను. కొత్తగా తీసి, ఈసారి పత్రహరితం, ఫియోఫైటిన్ వేర్వేరు సీసాల్లో పోశాను. 6వ రోజు చేయాల్సిన పని ఇది.

40వ రోజు

ఫ్యూకోజాంతిన్‌ను వదిలేయడానికి మనసు రాలేదు. దానికి చదును వలయం లేదు, పొడవాటి గొలుసు. బెంజో పైరీన్‌ను పట్టలేకపోవడం దాని తప్పు కాదు. దానికి చేతనైంది రాడికల్స్‌ను, అంటే తగిలినదాన్నల్లా పాడుచేసే చురుకైన అణువులను, ఆర్పడం. అందుకే రాడికల్స్ పుట్టించే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో, హెప్‌జీ2 అనే కాలేయ కణాల మీద కామెట్ పరీక్ష చేశాను.

కణాలను పల్చటి అగారోజ్‌లో స్లైడ్ మీద పరిచి, పొరలు కరిగించి, డీఎన్ఏ మాత్రమే మిగిలాక పీహెచ్ 13 దాటిన ద్రావణంలో కరెంటు పెడతారు. ఈ రూపం 1988లో సింగ్ బృందం ఇచ్చింది. తెగని డీఎన్ఏ ముద్దగా కదలకుండా ఉంటుంది. తెగిన ముక్కలు పాజిటివ్ వైపుకు జారతాయి.

చీకటి గదిలో మైక్రోస్కోపు దగ్గర కళ్లు అలవాటు పడ్డాక మొదటి కణం కనిపించింది. పెరాక్సైడ్ ఇవ్వనిది. నల్లటి ఆకాశంలో గుండ్రటి పచ్చటి చుక్క, అంచు కత్తిరించినట్టు. స్లైడ్ మార్చాను. పెరాక్సైడ్ పెట్టినది. అదే చుక్క, వెనక విసనకర్రలా విచ్చుకున్న తోక. తోకలో ఒక్కో వెలుగు రవ్వా ఒక తెగిన ముక్క. స్లైడుకు వంద కణాలు కొలిచాను. ఏ స్లైడ్ ఏదో నాకు తెలియకుండా జూనియర్ నంబర్లు వేసి పెట్టింది.

తోకలో ఉన్న డీఎన్ఏ సగటు: ఏమీ లేనిది 5 శాతం, పెరాక్సైడ్ 42, పెరాక్సైడ్‌తో ఖాళీ డీఎంఎస్ఓ (ఫ్యూకోజాంతిన్‌ను కరిగించడానికి వాడిన ద్రవం) 36, ఫ్యూకోజాంతిన్ కలిపిన డీఎంఎస్ఓ 25. ఆ 36ను మరిచిపోతే తప్పులో కాలేసినట్టే. డీఎంఎస్ఓ స్వయంగా హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను మింగేస్తుంది. ఫ్యూకోజాంతిన్ పని 42 నుంచి 25 కాదు, 36 నుంచి 25.

కణాలను ముందు రోజు ఫ్యూకోజాంతిన్‌లో ఉంచి, కడిగేసి, తరవాత పెరాక్సైడ్ పెడితే 31. ఖాళీ డీఎంఎస్ఓతో అలాగే చేసి కడిగితే 41. కడిగాక కూడా కొంత మిగిలింది! అంటే ఇది కణంలోకి వెళ్లి నిలబడుతోంది. పచ్చ భాగం చేయలేని పని ఇదే.

ఒకటి గుర్తుంచుకోవాలి. తిన్న ఫ్యూకోజాంతిన్ పేగు గోడ దాటేటప్పుడే ఎసిటైల్ ముక్క ఊడి ఫ్యూకోజాంతినాల్‌గా మారుతుంది. శరీరంలోని కాలేయ కణం చూసేది దాన్నే. నేను కణాల మీద పోసింది శరీరం అంతగా చూడని రూపాన్ని.

46వ రోజు

రిపోర్టు మొదటి చిత్తుప్రతి మేడంకు ఇచ్చాను. "నాచు రంగులు డీఎన్ఏను కాపాడతాయి" అన్న నా శీర్షిక మీద ఆవిడ పెన్సిల్ గీత పెట్టి, ఏమీ రాయకుండా తిరిగి ఇచ్చారు.

కొత్త శీర్షిక రాసుకున్నాను: వకామె పత్రహరిత భాగం బెంజో పైరీన్‌ను బ్యాక్టీరియా బయటే పట్టుకుంటుంది, చీకటిలో. ఆ చివరి మాట ఉండాల్సిందేనని నేనే పట్టుబట్టాను. ఫ్యూకోజాంతిన్‌కు వేరే అధ్యాయం. ఫైకోఎరిత్రిన్ దగ్గర "బెంజో పైరీన్ మీద ప్రభావం కనిపించలేదు" అని రాసి, హిస్టిడిన్ సంగతి పద్ధతుల భాగంలో పూర్తిగా పెట్టాను. నోరి సారంతో ఏమ్స్ పరీక్ష చేసేవాళ్లెవరికైనా అది నా ఫలితాలన్నిటికన్నా ముందు కావాలి.

వచ్చే వారం: విడదీసిన పత్రహరితం, ఫియోఫైటిన్‌లతో వరుస పరీక్ష మళ్లీ, మసక పచ్చ దీపం కింద. ఫ్యూకోజాంతిన్ నుంచి ఎంజైముతో ఫ్యూకోజాంతినాల్ తీసి కామెట్ పరీక్ష. ఫ్రీజర్ పై అరలో మైనస్ 80 దగ్గర, రెండు పొరల ఫాయిల్‌లో, నైట్రోజన్ నింపిన సీసాలో ఫ్యూకోజాంతిన్ 6 మిల్లీగ్రాములు ఉంది. సీసా తీసేవాళ్లు ముందు గదిలో లైటు ఆర్పాలని చీటీ అంటించాను.